అరవై ఒక్క రోజుల నీళ్ళు

సరస్సుల పరిశోధనా నిధి, నిజాయితీ విభాగం
లిలోంగ్వే, జూన్ 4

ముకోలె రేవు నీటికొలత పరిశీలకులు శ్రీ సిమియోని నాజోంబె గారికి,

మా విభాగాన్ని కొత్తగా పెట్టారు. ప్రజల సొమ్ముతో జరిగే పరిశోధనల్లో ఎవరైనా లెక్కలు పుట్టించారా, ఒకరివి ఒకరు ఎత్తి రాసుకున్నారా అని చూడటం దీని పని. ప్రస్తుతానికి విభాగమంటే నేను, ఒక బీరువా, ఒక రబ్బరు ముద్ర. మీది మొదటి ఫైలు.

ప్రొఫెసర్ చింబేటె గారు మీ సరస్సు నీటిమట్టం మీద ప్రకటించిన వ్యాసం గురించి పేరులేని ఫిర్యాదు ఒకటి వచ్చింది. ఆ వ్యాసానికి ఆధారం మీ రేవులో పాతిన కొలతస్తంభమూ, దాన్ని చూసి రోజూ పొద్దున ఆరింటికి రాసే నోటుపుస్తకమూ. ఏడేళ్ళ పుస్తకాలు తెప్పించి చూశాను. అరవై ఒక్క రోజులు సిరా గడి ఖాళీగా ఉంది. ఆ రోజుల పక్కన మార్జిన్‌లో మాత్రం పెన్సిల్‌తో ఒక అంకె ఉంది. ప్రొఫెసర్ గారి వ్యాసంలో ఒక్క ఖాళీ కూడా లేదు.

ఆ అరవై ఒక్క రోజులూ ఏం జరిగిందో పద్నాలుగు రోజుల్లో రాతమూలకంగా తెలపాలి. లేకుంటే మీ పుస్తకాలు నమ్మదగనివని పక్కన పెట్టి, స్తంభం పీకించేయవలసి వస్తుంది. అప్పుడు ప్రొఫెసర్ గారి వ్యాసమొక్కటే మిగులుతుంది. సరస్సు ఏమీ తగ్గలేదని అందులో ఉంది. దాన్ని చూపించి చెరకు ఎస్టేటు వాళ్ళు అక్టోబరులో పంపులు దించుకోవడానికి అనుమతి అడుగుతున్నారు. కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇట్లు,
తియేజ్గె గోండ్వే, విచారణాధికారి

తా.క.: ఈ సరస్సుకు నేను కొత్తవాణ్ణి కాను. దాని మీద గాలి ఎలా పనిచేస్తుందో ఒక పెద్ద వ్యాసం రాసి బంగారు పతకం పుచ్చుకున్నాను. అది నాకు అరచేయి ఎంత తెలుసో అంత తెలుసు. వచ్చి చూసే వీలే ఇంకా దొరకలేదు.


ముకోలె రేవు, జూన్ 19

బ్వానా గోండ్వే గారికి ఫలేసి నాజోంబె మోకాలు వంచి రాసుకునేది. వంచాననే అనుకోండి, నిజంగా వంచితే ఈ చలికి మళ్ళీ లేవలేను.

మీ దగ్గర్నుంచి ఎప్పుడు జవాబు వస్తుందా అని చూస్తూనే ఉన్నాను, ఇన్నాళ్ళకు వచ్చింది. ఉత్తరం మా ఆయన పేరున ఉన్నా నేనే విప్పాను, తప్పుగా అనుకోకండి. ఆయనకిప్పుడు ఉత్తరాలు చదివే పని లేదు. పంతొమ్మిదేళ్ళు స్తంభం ఆయన చూశారు, ఈ ఏడేళ్ళూ నేను చూస్తున్నాను.

ఇక్కడ చిపెరోని మంచు మొదలైంది. పొద్దున ఆ మంచులో రేవుకు వెళ్తే సరస్సు కనపడదు, పడవలు కనపడవు, స్తంభం కూడా చేత్తో తడుముకుంటేగాని దొరకదు. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి అంకె మీద వేలు పెట్టి చదువుకుంటాను. అప్పుడు నా కాళ్ళు ఎక్కడున్నాయో కూడా నాకు తెలీదు, నిద్రలో నడుస్తున్నట్టే ఉంటుంది. అలాంటి పొద్దుల్లో కూడా ఒక్క అంకె ఊహించి రాసినదాన్ని కాను. ముందు ఈ మాట మీ బీరువాలో పెట్టుకోండి.

ఇక ఆ అరవై ఒక్క రోజులు. అవన్నీ చావు రోజులు. మా రేవులో ఎవరు పోయినా, మట్టి చేసి వచ్చేదాకా ఎవరూ నీళ్ళలో కాలు పెట్టరు. పడవలన్నీ ఒడ్డుకు లాగి బోర్లా వేస్తారు. ఒక్క వల తడవదు. అందరూ చావింట్లో కూర్చుంటే నేనొక్కదాన్ని వెళ్ళి సరస్సులో దిగితే ఏం బాగుంటుంది? చూడలేదు గనక రాయలేదు. ఇందులో మీకు ఏం అర్థం కాలేదో నాకు అర్థం కాలేదు.

పెన్సిల్ అంకెలు మా ఆయన చెప్పినవి. ఆ రోజుల్లో మాత్రం తెల్లారగట్ల వస్తారు. మంచం అంచున కూర్చుంటారు. కాళ్ళు పిక్కలదాకా తడిసి ఉంటాయి గాని కింద చాప తడవదు. "ఫలేసీ, మూడు వందల పది," అంటారు. ఒక్కోసారి మూడు వందల ఎనిమిది. అంతకు మించి ఒక్క ముక్క మాట్లాడరు, మొదట్నుంచీ మాటకారి కాదు. ఆయన చెప్పింది పారేయడానికి మనసొప్పక పక్కన రాసుకుంటాను. నా కళ్ళతో చూసింది కాదు కాబట్టి సిరా పెట్టను. సిరా సర్కారుది, పెన్సిల్ నాది.

స్తంభం పీకుతామని మాత్రం అనకండి బ్వానా. ఈ సరస్సు తగ్గిపోతోందని చెప్పేది మా ఊళ్ళో అదొక్కటే. మేం చెబితే ఎవరు వింటారు.

ఇట్లు,
ఫలేసి, సిమియోని నాజోంబె గారి భార్య

తా.క.: మీ కవరు మీది ముద్ర చూసి, నన్ను పట్టుకుపోతారని పోస్టు లారీ డ్రైవరు ఊరంతా చెప్పాడు. ఇప్పటికి నాలుగిళ్ళవాళ్ళు మొక్కజొన్నపిండి తెచ్చి ఓదార్చి వెళ్ళారు. మీరు ఇంకో రెండు ఉత్తరాలు రాస్తే ఈ ఏడాది నేను పిండి ఆడించుకోనక్కర్లేదు.


లిలోంగ్వే, జూలై 2

శ్రీమతి ఫలేసి నాజోంబె గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ వ్యవహారం ముదురుతోంది. మా రిజిస్టరులో పరిశీలకుడు మీ భర్త. మీరు రాసినదాన్ని బట్టి ఆయన ఏడేళ్ళలో అరవై ఒక్క రోజులే పనికి వచ్చారు. మిగతా రోజులన్నీ మీ చేత చేయించారు. వచ్చిన రోజుల్లో కూడా పుస్తకం ముట్టుకోకుండా నోటిమాటగా చెప్పి వెళ్ళిపోయారు. పైగా ఊరంతా నీళ్ళకు దూరంగా ఉన్న రోజున తెల్లారకముందే ఆయనొక్కరూ తడికాళ్ళతో వస్తున్నారు. ఊరి కట్టుబాటు మీరి, ఎవరూ చూడకుండా సరస్సులో దిగుతున్నారా?

ముందురోజు మీ సిరా అంకె నూట యాభై రెండు. మర్నాడు ఆయనది మూడు వందల పది. ఆ మర్నాడు మళ్ళీ మీది నూట యాభై ఒకటి. సరస్సు ఒక్కరోజులో అంత, ఒక నిలువెత్తు, ఉబికి దిగడం ఉన్నదే, అది గాలి పని, ఆ సంగతి నాకు వదిలేయండి. నాకు తోస్తున్నదేమిటంటే, ఆయన శ్రమపడి తెచ్చిన అంకెల్ని మీరు కావాలని మార్జిన్‌లోకి తోసేస్తున్నారు. ఇంట్లో ఏదైనా గొడవ ఉంటే సర్కారు పుస్తకంలో తీర్చుకోకూడదు.

ఆయన అంకెలే, ఒక్కటి మారకుండా, ప్రొఫెసర్ గారి వ్యాసంలో ఉన్నాయి. ఏటా అత్యధిక నీటిమట్టం అవేనని చూపించే సరస్సు తగ్గలేదని తేల్చారు. ఆయనకూ ప్రొఫెసర్ గారికీ ఏం సంబంధమో కూడా రాయండి.

తొమ్మిదో నంబరు ఫారం జతచేశాను. మీ భర్త వివరాలు నింపి పంపండి. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫారం చెల్లదు. ఆగస్టు ఇరవైన ఆయన స్వయంగా మా ఆఫీసులో హాజరు కావాలి.

ఇట్లు,
తియేజ్గె గోండ్వే, విచారణాధికారి

తా.క.: ఆయన వచ్చేటప్పుడు రెండు ఫొటోలు తీసుకురావాలి. ఈమధ్య తీయించుకున్నవై ఉండాలి.


ముకోలె రేవు, జూలై 15

బ్వానా గోండ్వే గారికి,

మోకాలు ఈసారి వంచలేదు. కాస్త కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, ఇప్పుడు రెండూ తగ్గాక రాస్తున్నాను.

మా ఇంట్లో గొడవేమీ లేదు. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే నేను గొడవ పడలేదు, ఇప్పుడేం పడతాను? ఆయన అంకె ఎప్పుడూ మూడు వందల పది దగ్గరే ఎందుకుంటుందో నాకు తెలుసు. స్తంభం పాతిన ఏడు సరస్సు అంత ఉండేది. ఆయన తన చేత్తో రాసిన మొదటి అంకె అది. ఆ ఏడు నీళ్ళు మా వంటిళ్ళ దాకా వచ్చాయి. పొయ్యి మీద న్సీమా ముద్ద కలుపుతూ గుమ్మంలోంచి చేపల్ని చూసేదాన్ని. ఇంటి నుంచి ఇంటికి పడవలో వెళ్ళి ఉప్పు అడిగేవాళ్ళం. ఆయన ఆ నీళ్ళలోనే ఉండిపోయారు. పాపం, ఆయనకు ఇప్పటి సంగతి ఎవరు చెబుతారు? మర్నాడు నేను వెళ్ళి చూస్తే నూట యాభై. ఆ రెండంకెలూ పక్కపక్కన చూస్తే ఏడుపొస్తుంది బ్వానా, దాచుకోవడం దేనికి.

గాలి పని అన్నారు. మా చావు రోజుల్లో గాలి వీచినట్టు నాకు గుర్తు లేదు. వీచినా, గాలికి నిలువెత్తు నీళ్ళు లేస్తే ఈ ఉత్తరం రాయడానికి నేను ఉండేదాన్ని కాదు.

ప్రొఫెసర్ గారు ఏడాదికోసారి జీపులో వస్తారు. బురదని దిగరు, అద్దం దించి పుస్తకం అడుగుతారు. పెన్సిల్ అంకెలేమిటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనకు మా ఆయన సంగతంతా తెలుసు, అప్పట్లో చక్కెర బస్తా కూడా పంపారు. నవ్వి, "నాజోంబె మంచి పనివాడు ఫలేసీ, ఇప్పటికీ మానలేదన్నమాట. గడి ఖాళీగా ఉంటే నిధులిచ్చేవాళ్ళు ఊరుకోరు," అని డ్రైవరు చేత అన్నీ ఎత్తి రాయించుకున్నారు. అవి కొలతలు కావండీ అన్నాను. అప్పటికి అద్దం పైకి పోయింది.

ఫారం నింపాను. నివాసం అన్నచోట "రేవుకు తూర్పున, మామిడితోపు దాటాక, మూడో వరసలో వాళ్ళమ్మ పక్కన" అని రాశాను. ఎన్నాళ్ళుగా ఉంటున్నారు అంటే ఏడేళ్ళు. పనివేళలు తెల్లారగట్ల. ఏ బండి మీద వస్తారో నేనెప్పుడూ చూడలేదు. ఆరోగ్యం బాగుంది, ఏడేళ్ళుగా దగ్గు లేదు. పై అధికారి పేరు అడిగారు, పాస్టరు గారిని కనుక్కుని దేవుడని రాశాను. ఫొటో మాత్రం పెళ్ళినాటిదే ఉంది. పక్కన మేక ఉంటుంది, దాన్ని కత్తిరించకండి, మా నాన్న ఇచ్చింది.

ఆగస్టు ఇరవై సంగతి నేను మాటివ్వలేను. ఆ రోజు ఇక్కడ ఎవరైనా పోతేగాని ఆయన రారు. ఎవరైనా పోతే నేను కదలకూడదు. ఎటుచూసినా ఆయన్ని లారీ ఎక్కించడం నా వల్ల కాదు.

ఇట్లు,
ఫలేసి నాజోంబె

తా.క.: ఫారంలో "పదవీ విరమణ ఎప్పుడు" అని ఒక గడి ఉంది. ఖాళీ వదలొద్దని మీరు చెప్పారు. కానీ తెలియంది రాయడం నాకు చేతకాదు, ఖాళీగానే వదిలాను. చెల్లదంటే చెప్పండి, ఆయన ఈసారి వచ్చినప్పుడు అడుగుతాను.


లిలోంగ్వే, ఆగస్టు 3

అగోగో ఫలేసి గారికి,

అగోగో అన్నందుకు కోపగించుకోరనుకుంటాను. మా ఊళ్ళో అమ్మమ్మను అలాగే పిలుస్తాం.

ఫారంలో "వాళ్ళమ్మ పక్కన" అన్నచోట నేను ఆగాను. "పై అధికారి" దగ్గరికి వచ్చేసరికి లేచి సిబ్బంది విభాగానికి పరుగెత్తాను. ఏడేళ్ళ కిందట మీరు మూడు ప్రతుల్లో పంపిన కబురు దొరికింది. మూడింటినీ కలిపి మడిచి టీ బల్ల కాలి కింద పెట్టారు. తీసి చదివాను. ఆ బల్ల ఇప్పుడు ఊగుతోంది.

మీ ఆయన పోయారు. పోయిన మనిషిని రెండు ఫొటోలతో హాజరు కమ్మన్నాను. మీ ఇద్దరి మధ్య గొడవ అన్నాను. క్షమించమని అడగడానికి మా దగ్గర ఫారం లేదు, అందుకే మామూలు కాగితం మీద అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు కష్టం చెబుతాను. మార్జిన్ అంకెలు ఎత్తి రాశారా అని ప్రొఫెసర్ గారికి రాస్తే జవాబిచ్చారు. ఆ అరవై ఒక్క రోజులూ తానే స్వయంగా ముకోలె వచ్చి, పడవ మాట్లాడుకుని, సరస్సు మధ్యకు వెళ్ళి కొలిచారట. ఆ అంకెలు చూసి మీరు పెన్సిల్‌తో రాసుకున్నారట. అంటే ఎత్తి రాసింది మీరేనట. ఆయన మాట ఒకవైపు, మీ కల ఒకవైపు. సెప్టెంబరు పన్నెండున ఇక్కడ విచారణ సభ కూర్చుని తేలుస్తుంది. ఆయన మాట నిలిస్తే మీ పుస్తకాలు పోతాయి, స్తంభం పోతుంది, పంపులు దిగుతాయి. మీరు రాగలరా?

ఇంకొకటి కూడా రాయాలని కూర్చున్నాను. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు చింపాను. అది మీ సంగతి కాదు, నా సంగతి. సిరాలో ముంచగానే కలం కదలడం లేదు.

మీ
తియేజ్గె గోండ్వే

తా.క.: గాలి గురించి మీరు రాసిన రెండు వాక్యాలూ మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నిజంగా గాలి లేదా?


ముకోలె రేవు, ఆగస్టు 17

గోండ్వే అబ్బాయికి,

నువ్వు అగోగో అన్నావు కాబట్టి ఇకనుంచి "మీరు" మానేశాను. క్షమించడానికేముంది. ఏడేళ్ళుగా ఆయన గురించి అంత శ్రద్ధగా అడిగినవాడివి నువ్వొక్కడివే. నివాసం, ఆరోగ్యం, పనివేళలు. ఫారం నింపుతుంటే ఆయన పక్క ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నట్టే అనిపించింది. రెండు రోజులు ఆ సంతోషంలోనే ఉన్నాను.

ప్రొఫెసర్ గారి జవాబు రేవులో చదివి వినిపించాను. పడవలవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చావు రోజున పడవా? మా అత్తగారి చిన్నతనంలో ఒకడు అలాంటి రోజున వల తీయడానికి వెళ్ళాడట. ఒక వానాకాలమంతా వాడి పక్కన కూర్చుని ఎవరూ తినలేదు. అలాంటిది అరవై ఒక్కసారి పడవ కదిలిందంటే ఈపాటికి మా ఊళ్ళో ఒకరితో ఒకరు తినేవాళ్ళే మిగలరు. ఆ పెద్దమనిషి ఏ రోజు ఎంచుకోవాలో తెలియక మా చావు రోజులే ఎంచుకున్నాడు.

మేం వస్తున్నాం. పన్నెండుమంది పడవలవాళ్ళు, నేను, పాస్టరు గారి మట్టి పుస్తకం. ఎవరు ఏ రోజు పోయారో ఆయన దగ్గర అన్నీ రాసి ఉంటాయి. భయంగానే ఉంది, అబద్ధమెందుకు. ఆ పుస్తకాలు పోతే మా ఆయన ఇరవైఆరేళ్ళూ... చూశావా, నావి కూడా ఆయన లెక్కలోనే వేసేశాను. ఇద్దరి ఇరవైఆరేళ్ళూ పోతాయి. ఆ ఖాళీల్లో నేను ఏదో ఒక అంకె సిరాతో రాసి ఉంటే నన్నెవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు, అది తలుచుకుంటే వింతగా ఉంటుంది.

గాలి లేదు నాయనా. చావింటి ముందు మంట వేసుకుని కూర్చుంటాం, పొగ నిట్టనిలువుగా పోతుంది. ఏడేళ్ళుగా చూస్తున్నాను.

నువ్వు రాయలేని సంగతి పెన్సిల్‌తో రాయి.

మీ అగోగో
ఫలేసి

తా.క.: ఎండుచేపల లారీలో వస్తున్నాం. మీ సభవాళ్ళను ముందే కిటికీలు తెరిచి ఉంచమను.

ఇంకో తా.క.: ఆ పేరులేని ఫిర్యాదు నాది. బడి పంతులు గారు వ్యాసం చదివి చెబితే, సరస్సు నిండా నీళ్ళున్నాయన్న మాటకు ఒళ్ళు మండి రాశాను. పేరు పెట్టడం మరిచిపోయాను. నువ్వేమో అదేదో రహస్యమనుకున్నావు.


లిలోంగ్వే, అక్టోబరు 9

అగోగోకు,

సభలో ఏం జరిగిందో సాక్షికి నివేదిక పంపాలని నిబంధన. కాబట్టి మీ కళ్ళతో చూసిందే మీకు మళ్ళీ రాస్తున్నాను.

ప్రొఫెసర్ గారు అరవై ఒక్క రోజులూ పడవలోనే వెళ్ళానన్నారు. పడవ నడిపిందెవరని సభ పెద్ద అడిగారు. "బెలో. మంచి మనిషి. నాలుగో ఏడు మార్చి పద్నాలుగున కూడా అతనే తీసుకెళ్ళాడు, నాకు బాగా గుర్తు," అన్నారు. మీ పన్నెండుమందీ మెల్లగా టోపీలు తీశారు. నాకు అర్థం కాలేదు. మీరు లేచి, "ఆ రోజు మేం మట్టి చేసింది బెలోనేనండీ," అన్నారు. పాస్టరు గారు పుస్తకం తిప్పి పేజీ చూపించారు. ప్రొఫెసర్ గారు తన గ్లాసులో నీళ్ళు తాగేసి కాగితాలు సర్దుకున్నారు.

వ్యాసం ఉపసంహరించారు. ప్రొఫెసర్ గారికి ఇక సర్కారు నిధులు లేవు. పంపుల అనుమతి ఆపేశారు. మీ పుస్తకాలు అరవై ఒక్క ఖాళీలతో సహా అసలైనవని ముద్ర వేశాను. స్తంభం అక్కడే ఉంటుంది.

మీరు పెన్సిల్‌తో రాయమన్న సంగతి ఇక్కణ్ణుంచి పెన్సిల్‌తోనే రాస్తున్నాను. నాకు బంగారు పతకం తెచ్చిన వ్యాసం పేరు "ముకోలె ఉబుకు". మీ సరస్సు కొన్ని రోజులు హఠాత్తుగా నిలువెత్తు లేచి మర్నాటికి దిగిపోతుందనీ, దానికి దక్షిణపు గాలి కారణమనీ రెండు వందల పేజీల్లో నిరూపించాను. అంకెలు ప్రొఫెసర్ గారి పట్టికలోంచి తీసుకున్నాను. ఉదాహరణలు నలభై ఏడు. అప్పటికి మీ ఊళ్ళో అంతమందే పోయారు.

అంతటితో అయితే మోసపోయానని చెప్పుకోవచ్చు. కానీ గాలి కొలతలు తెప్పించి చూస్తే, ఆ రోజుల్లో చాలావాటికి గాలే లేదు. కొన్నిచోట్ల ఒకరోజు ముందుకు జరిపాను, కొన్నిచోట్ల వెనక్కి జరిపాను, తొమ్మిది రోజులకు పుట్టించాను. అంత అందమైన ఉబుకు నిజం కాకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. గాలి లేదని మీరు రాయకముందే నాకు తెలుసు అగోగో. ఆ పతకం చూసే నన్ను ఈ కుర్చీలో కూర్చోబెట్టారు.

అందుకే మా విభాగం రెండో ఫైలు నాది. నాకు నేనే నోటీసు రాసుకుని, ముద్ర వేసి, అందినట్టు సంతకం పెట్టాను. పద్నాలుగు రోజులు గడువిచ్చాను గాని మూడో రోజుకే ఒప్పేసుకున్నాను. పతకం, పట్టా రెండూ వెనక్కి పంపాను. కుర్చీకి వేరే మనిషిని వెతుకుతున్నారు, దొరికేదాకా బీరువా తాళం నా దగ్గరే ఉంచమన్నారు. సిగ్గుగా ఉంది. కాస్త తేలికగా కూడా ఉంది.

వచ్చే నెల ముకోలె వస్తాను, ఏ హోదా లేకుండా. మీరు ఒప్పుకుంటే ఒక పొద్దున మీతోపాటు నీళ్ళలో దిగి స్తంభం చూస్తాను. సరస్సు ఎంతుందో నా కళ్ళతో నేను ఒక్కసారైనా చదవాలి.

మీ మనవడు
తియేజ్గె

తా.క.: ఇవాళ తెల్లారగట్ల నా మంచం అంచున ఎవరో కూర్చున్నారు. కాళ్ళు పిక్కలదాకా తడి. మీ పెళ్ళి ఫొటోలో మేక పక్కన ఉన్న మనిషే, కాస్త పెద్దవాడయ్యారు. నా వైపు చూసి, "అబ్బాయీ, మూడు వందల పది," అన్నారు. మీ ఊళ్ళో ఎవరూ పోలేదనే అనుకుంటున్నాను, ఇక్కడ పోయింది నా ఉద్యోగమే, బహుశా దానికోసం వచ్చారేమో. లేచి నోటుపుస్తకం తీశాను. తేదీ వేశాను. గడి ఖాళీగా వదిలేశాను.